చెప్పుకోలేని చోట మంట

నా భార్య సత్తెమ్మ మాఘమాసంలో చనిపోయింది. చైత్రంలో నాకీ జబ్బు మొదలైంది. రెండూ ఇంత దగ్గరగా జరగడం చూసి కొందరు ఒక కథ అల్లుకున్నారు. నేను కూడా అదే కథ అల్లుకున్నాను. అది తప్పని తేలేసరికి వానాకాలం సగం గడిచింది. ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇది పురుషాంగానికి వచ్చిన వాపు గురించిన సంగతి. మగవాళ్లు ఈ మాట పైకి అనరు. జబ్బు పెట్టిన బాధ ఎంతో, దాన్ని దాచుకోవడం వల్ల పడిన బాధ కూడా అంతే. చదివేవాళ్లలో ఇలాంటిది మోసుకుంటూ మౌనంగా తిరిగేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు పనికివస్తుందని రాస్తున్నాను. నా మనసు స్థిరపడాలని కూడా రాస్తున్నాను.

మాది సిద్దిపేటలో అద్దకం పని. నేతవాళ్లు తెచ్చిన నూలుకు రంగు వేసి ఇస్తాం. బడిలో ఉర్దూ చదివాను, తెలుగు ఇంటి దగ్గర నేర్చుకున్నాను. పుస్తకం కనబడితే చదవకుండా వదలను. ఈ చదువు తర్వాత నన్ను ఎంత భయపెట్టిందో ముందు ముందు చెబుతాను.

సత్తెమ్మకు అయిదో నెలలో గర్భం పోయింది. వెంటనే జ్వరం పట్టుకుంది. కోహెడ నుంచి మా అత్త వచ్చి కూతురి పక్కనే కూర్చుంది. జ్వరం దిగలేదు. కర్మకాండలు అయిపోయాక మా అత్త మా బిడ్డ అండాలును చంకనేసుకుంది. అండాలుకు అప్పటికి మూడేళ్లు.

"ఉగాది దాకా నా దగ్గర ఉంటది కొడుకా. నువ్వు పనిల పడు. పండుగ పోయినంక వచ్చి తీస్కపో" అంది.

సరేనన్నాను. ఉగాది పోయింది. నేను కోహెడ పోలేకపోయాను.

చైత్రం

మొదట దురద. చర్మం చివర కొంచెం ఎర్రబడింది. ఎండాకాలం, చెమట అనుకున్నాను. కొద్దిరోజులకు దురద తగ్గి మంట మొదలైంది. మూత్రానికి కూర్చుంటే పళ్లు బిగబట్టవలసి వచ్చేది. ధోవతి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. ముందు చర్మం ఉబ్బి వెనక్కి జరగడం మానేసింది. లోపలి నుంచి పలచటి చీము, దానికి ఒక వాసన. ఆ వాసన ఇంట్లో వాళ్లకు తెలుస్తుందేమోనని దూరంగా కూర్చుని తినేవాణ్ణి.

ఇంట్లో వాళ్లంటే అప్పటికి మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, ఒక్కతే. ఆమెకు చూపు మందగించింది కానీ నా నడకలో తేడా పట్టుకుంది.

"ఏందిరా కిష్టయ్యా, కాళ్లు ఎడమెడంగ ఏస్తున్నవు?"

"ఏం లేదవ్వా. తొడలు ఒరుసుకున్నయి."

"ఒరుసుకున్నయా, ఏడి చేసిందా? మూత్రం మండుతున్నదా?"

తల ఊపాను.

"గదే మరి. పొద్దందాక పొయ్యి కాడ కూసుంటే ఏడి చెయ్యక సలువ చేస్తదా?"

సబ్జాగింజలు నానబోసి ఇచ్చింది. మజ్జిగ తాగించింది. బొడ్డులో ఆముదం వేయించింది. నూలు రాక పని ఆగి ఇంట్లో పడుకున్న రోజుల్లో మంట తగ్గింది. చలవ పనిచేసిందని ఇద్దరం అనుకున్నాం. మళ్లీ రంగుల బానల దగ్గర కూర్చున్నాను. మళ్లీ మంట లేచింది. ఈసారి ముందటికంటే ఎక్కువగా.

వైశాఖం

మా ఊరి గ్రంథాలయంలో పాత ఆరోగ్య పుస్తకం ఒకటి ఉండేది. అట్ట చిరిగిపోయింది. మగవాళ్ల చెడు రోగాల గురించి అందులో ఒక అధ్యాయం చదివాను. సవాయి అనే సుఖరోగం భర్త నుంచి భార్యకు అంటుతుందని, అలాంటి ఆడవాళ్లకు కడుపు నిలవదని రాసి ఉంది. పుస్తకం మూసి దాని చోట దాన్ని పెట్టేసి బయటికి వచ్చాను. ఎండలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

నేను పరాయి స్త్రీ దగ్గరికి ఎన్నడూ పోలేదు. కానీ కార్తీకంలో రంగులు కొనడానికి హైదరాబాదు పోయి ఒక సత్రంలో పడుకున్నాను. ఎవరి చాప మీదో పడుకున్నాను, ఎందరో పోయిన చోట మూత్రానికి పోయాను. రోగి మూత్రం పోసిన చోట పోస్తే రోగం అంటుతుందని మావాళ్లు గట్టిగా నమ్ముతారు. నేనూ నమ్మాను. కార్తీకంలో అక్కడ తెచ్చుకున్నాను, ఇంటికి తెచ్చాను, ఆమె కడుపు పోయింది, ఆమె పోయింది. లెక్క సరిపోయినట్టే అనిపించింది.

దవాఖానకు పోదామంటే బజారంతా దాటి పోవాలి. వరండాలో ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉంటారు. అందుకని నాటుమందులు ఇచ్చే ఒకాయన దగ్గరికి పోయాను. ఆయన చూసి నాలుక చప్పరించాడు.

"సవాయి మొదలైంది. భయపడకు. నా చేతుల మీద ఎందరికో నయమైంది."

మైలుతుత్తం కాల్చి పొడి చేసి వెన్నలో కలిపి ఇచ్చాడు.

"మండుతది. మండితెనే పని చేస్తున్నట్టు."

మండింది. పని చేస్తున్నదనుకుని ఓర్చుకున్నాను. చర్మం పొలుసులుగా లేచింది. ఇంకా పూశాను.

నాకు సవాయి అనే మాట ఎవరి నోట బయటికి పోయిందో తెలియదు. నేను దవాఖానకు పోకముందే అది కోహెడ చేరింది. వైశాఖం చివర మా బామ్మర్ది రాజేశం వచ్చాడు. సత్తెమ్మకు తమ్ముడు. కోహెడలో అతనిదీ అద్దకం పనే. రంగుల కోసం సిద్దిపేట వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే తిని పడుకునేవాడు. ఆ రోజు గడప అవతల నిలబడ్డాడు. అవ్వ ఇచ్చిన చెంబు అందుకోలేదు.

"కూసో రాజేశం" అన్నాను.

"కూసుండనీకి రాలే బావా. ఒక్క మాట అడుగుత. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"మా అక్కకు నువ్వే అంటిచ్చినవా?"

మా అవ్వ చెంబు కింద పెట్టేసింది. "ఏం మాటరా అది? నీ నోరు పడిపోను! ఆడిబిడ్డ పోయిన ఇంట్ల నిలవడి అడిగే మాటనా?"

"నువ్వు ఊకో అత్తా. నేను బావను అడుగుతున్న."

కాదు అని గట్టిగా అనవలసిన చోట నాకు ఆ మాట రాలేదు. నాకే తెలియని సంగతి ఎలా కాదనను?

"నాకు ఎర్క లేదు" అన్నాను.

అది నిజం. అతను దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

"అయితే అండాలును పంప. ఆ పోరి గీ ఇంట్ల అడుగు పెట్టది. నువ్వు తీస్కపోనీకి రాకు" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి సత్తెమ్మను తలుచుకోవడం నా చేత కాలేదు. ఆమె ముఖం గుర్తుకు తెచ్చుకోబోతే రాజేశం అడిగిన మాట ముందు వచ్చేది. భార్య చనిపోయిన మనిషికి ఏడ్చే హక్కయినా ఉంటుంది. నాకు అది కూడా లేదనిపించింది. చంపినవాడు ఏ ముఖం పెట్టుకుని ఏడుస్తాడు?

జ్యేష్ఠం

ఒకనాడు పొద్దున మూత్రం ఆగిపోయింది. చర్మం బిగుసుకుపోయి దారి మూసుకుంది. పొద్దెక్కేకొద్దీ పొత్తికడుపు రాయిలా అయింది. నేలమీద పడి దొర్లుతున్నాను. అయినా దవాఖాన వద్దంటున్నాను.

అవ్వ నా నెత్తి దగ్గర నిలబడింది.

"సిగ్గు సావాలె, లేకుంటె నువ్వు సావాలె. రెండిట్ల ఒకటి చెప్పు. బండి తెప్పిస్త, లేదా పాడె తెప్పిస్త."

పక్కింటివాళ్ల ఎడ్లబండిలో నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది.

వరండా నిండా జనం. జ్వరాల పిల్లలతో తల్లులు, నారుకురుపుతో కాళ్లకు గుడ్డలు చుట్టుకున్న రైతులు. పేరు పిలిచే మనిషి వచ్చి బీమారీ ఏందని అడిగాడు.

"కడుపునొప్పి" అన్నాను.

"కడుపు గాదయ్యా" అంది మా అవ్వ అందరికీ వినబడేలా, "కడుపు కింద."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక ఆడమనిషి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. బల్ల చివర మద్దూరు నుంచి వచ్చిన ముసలి రైతు కూర్చుని ఉన్నాడు. అతని కాలి నుంచి నారుపురుగును పుల్లకు చుట్టి కట్టు కట్టారు. అతను నవ్వలేదు. బల్ల మీద నుంచి మెల్లగా కిందికి దిగాడు.

"పండుకో బిడ్డా. నాకు నేల మీదనే మంచిగుంటది" అన్నాడు.

ఆ కాలితో నేల మీద కూర్చోవడం ఎంత కష్టమో అక్కడున్న అందరికీ తెలుసు.

డాక్టరు సాబు పెద్దవయసు మనిషి. నన్ను లోపలికి పిలిచి మిగతావాళ్లందరినీ బయటికి పంపి తలుపు వేశాడు. ఆ తలుపు వేసిన చప్పుడు నాకిప్పటికీ మేలు చేసిన చప్పుడుగానే గుర్తుంది. చూశాడు. మైలుతుత్తం మరక చూసి, "ఇది ఎవరు పూసిన్రు?" అన్నాడు. చెప్పాను. తిట్టలేదు.

గోరువెచ్చని నీళ్లు తొట్టిలో పోయించి నన్ను నడుము దాకా అందులో కూర్చోమన్నాడు. "నీళ్లల్లనే మూత్రం పొయ్యి. శరం పడకు, సిగ్గేం లేదు. వాపు దిగకపోతే చిన్నగ కోసి దారి చెయ్యాలె" అన్నాడు.

కోయడం అనే మాట తలుపు అవతలికి వినబడింది. మా అవ్వ తలుపు కొట్టడం మొదలుపెట్టింది.

"సాబూ! నీ కాల్మొక్త. నా కొడుక్కు సున్తీ చెయ్యకు. మా కులపోళ్లు తినే బంతిల కూసోనియ్యరు."

డాక్టరు తలుపు దగ్గరికి పోయి నవ్వుతూనే జవాబిచ్చాడు. "లేదమ్మా. నీ కొడుకు ఎట్ల వచ్చిండో గట్లనే పంపుత. కత్తి ఆఖరుకు. ముందు నీళ్లు చూద్దాం."

కత్తి అవసరం రాలేదు. వెచ్చని నీళ్లలో కాసేపటికి బొట్లు బొట్లుగా మొదలై తర్వాత ధారగా వచ్చింది. నేను తొట్టి అంచు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను. డాక్టరు అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

కొన్నాళ్లు అక్కడే ఉంచారు. మద్దూరు రైతు పక్క మంచం మీదికి వచ్చాడు.

"నీకేమైందన్నవు బిడ్డా?"

"కాలు" అన్నాను.

నా రెండు కాళ్లనూ పైనుంచి కిందికి చూశాడు. "నీ కాళ్లు నాకిచ్చి నా కాలు నువ్వు తీస్కో మరి. మంచిగనే కనవడుతున్నయి" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు. కంపౌండరు నాకు కడగడానికి వచ్చే వేళకు ఆ ముసలాయన తన పై గుడ్డ తీసి రెండు మంచాల మధ్య కట్టిన తాడు మీద ఆరేసేవాడు. అది తడిసి ఉండేది కాదు.

వాపు కొంత తగ్గాక డాక్టరు వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏం పని చేస్తవ్?"

"నూలుకు రంగులద్దుత సాబ్."

"చేతులు చూపు."

చూపాను. గోళ్ల సందుల్లో రంగు, వేళ్ల మడతల్లో పగుళ్లు.

"రంగుల ఏమేం కలుపుతరు?"

"కాష్టిక్ సోడా కలుపుతం సాబ్. ఇంతకుముందు తక్కువనే పట్టేది. జర్మనీ లడాయి మొదలైనంక మంచి రంగులు వస్తలేవు. వచ్చినవాటికి ఎక్కువ కలిపితేగాని పడుతలేదు."

"కాష్టిక్ కంట్ల పడితే?"

"కన్ను పోతది."

"మరి పేషాబ్‌కు పోయేటప్పుడు చేతులు కడుగుతవా?"

"పోయొచ్చినంక బావి కాడ కడుక్కుంట సాబ్."

"పోకముందు?"

నా చేతుల వైపు చూసుకున్నాను.

మా పనిలో రంగు చేతులతో నీళ్ల గోలెం ముట్టకూడదు. ఆ నీళ్లే ఇంటికీ, ఆ నీళ్లే తెల్లనూలు తడపడానికీ. ఒక్క బొట్టు రంగు పడితే ఆ రోజు నూలంతా పాడు. అందుకే అద్దకం చేసేవాడికి ఎవరో ఒకరు నీళ్లు పోయాలి. నాకు సత్తెమ్మ పోసేది. పిలిస్తే చాలు, కండెలు చుట్టడం ఆపి చెంబుతో వచ్చి మోచేతుల నుంచి కిందికి పోసేది. నేను కడుక్కుని వెళ్లేవాణ్ణి. ఆమె పోయాక పిలవడానికి ఎవరూ లేరు. అవ్వకు మోకాళ్ల నొప్పులు, చూపు ఆనదు. ఆమెను లేపడం ఎందుకని బాన పక్కన వేలాడే పాత గుడ్డకు చేతులు తుడుచుకుని పోయేవాణ్ణి. వచ్చాక మాత్రం బావి దగ్గరికి పోయి శుభ్రంగా కడుక్కునేవాణ్ణి. అది ఆచారం. ముందు కడగాలని ఏ ఆచారమూ చెప్పలేదు. ఆమె ఉన్నన్నాళ్లు అది దానంతట అది జరిగిపోయింది.

ఇదంతా డాక్టరుకు చెప్పలేదు. "కడుగుతలేను సాబ్" అన్నాను.

"నీ చేతి తోలు మొద్దుబారింది, దానికి తెల్వది. అక్కడి తోలు కంటిరెప్ప లెక్క. రోజూ కొంచెం కొంచెం కాష్టిక్ పోయి లోపట కూసున్నది. దాని మీద మైలుతుత్తం పెట్టినవు. ఇగ వాచక ఏం చేస్తది?"

అప్పుడు అడిగాను. ఎన్ని వారాలుగానో గొంతులో ఉన్న మాట.

"సాబ్, ఇది సవాయి గాదా? నా భార్యకు కడుపు పోయి జ్వరమొచ్చి సచ్చిపోయింది. నా నుంచే పోయిందంటున్నరు."

ఆయన వెంటనే లేదనలేదు. అది నాకు నచ్చింది.

"నాకైతే గట్ల కనవడుతలేదు. కాని నీకు నమ్మకం కావాలె. రక్తం తీసి హైదరాబాదు పంపుత. అక్కడ పరీక్ష చేస్తరు. మూత్రంల చక్కెర ఉన్నోళ్లకు కూడ గిట్ల వస్తది, అది గీడనే చూస్త. ఒకవేళ సవాయే ఉన్నా మందిస్త. ఆ రోగమొచ్చినోడు మనిషి గాకుంట పోతడా?"

చక్కెర లేదని ఆ రోజే తేలింది. మందు చాలా చిన్నది. చిటికెడు లాల్‌దవా, అంటే పర్మాంగనేటు, నీళ్లలో వేస్తే లేత గులాబీ రంగు వస్తుంది. ఆ నీళ్లతో పొద్దునా సాయంత్రం కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. సబ్బు వద్దు, పొడులు వద్దు, పసర్లు వద్దు. చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు. నయమయ్యేదాకా బానల దగ్గరికి పోకూడదు.

ఆ నీళ్లు కలిపి ఇస్తూ కంపౌండరు, "రంగులద్దేటోనికి రంగునీళ్లే మందాయె. మా సర్కారు రంగు ఎట్లున్నది? పక్కా రంగేనా?" అన్నాడు. చాలా కాలానికి నవ్వు వచ్చింది.

ఆషాఢం

ఇంటికి వచ్చాను. వాపు దిగింది, చీము ఆగింది, మూత్రం సాఫీగా వచ్చింది. చర్మం కొత్తగా లేతగా వచ్చింది. ఒంటి బాధ పోయాక మనసు బాధకు ఇంకా చోటు దొరికింది. హైదరాబాదు నుంచి జవాబు రాలేదు.

దవాఖాన వరండాకు పోయి కూర్చునేవాణ్ణి. కంపౌండరు దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. అయినా కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. డాక్టరు చేతుల గురించి చెప్పింది నిజమే అనిపించేది. బయటికి రాగానే, అది నిజమైనా ఇదీ ఉండొచ్చుగదా అనిపించేది. రెండు జబ్బులు ఒకే మనిషికి రాకూడదని ఎక్కడ ఉంది? చదివిన మనిషికి భయపడటానికి కారణాలు తక్కువ కావు.

వాన పడుతున్న ఒక రోజు డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు.

"ఏం లేదు. సాఫ్" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను.

"ఇంటికి పో బేటా" అన్నాడు.

అవ్వకు చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "నేను ముందుగాలనే చెప్పలేదా, ఏడి చేసిందని" అంది.

శ్రావణం

వడ్ల బండి ఒకటి కోహెడ పోతుంటే ఎక్కాను. రావద్దన్న మనిషి ఇంటికి పోవడం కష్టంగానే ఉంది. అండాలు వాకిట్లో ఆడుకుంటూ నన్ను చూసి స్తంభం వెనక్కి పోయింది. పిలిచినా రాలేదు.

రాజేశం బయటికి వచ్చాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. చేతుల సంగతి చెప్పాను, రక్తం సంగతి చెప్పాను.

"డాక్టరు చెప్తే అయిపాయెనా?" అన్నాడు. "వాళ్లు ఎవ్వలకు ఏది కావాలంటె అది చెప్తరు. నువ్వే గదా అన్నవు, నాకు ఎర్క లేదని."

అప్పుడు లోపలి గడప దగ్గర నుంచి మా అత్త మాట్లాడింది. అల్లుడి ముందు ఆమె గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తల మీద కొంగు ముఖం దాకా ఉంది.

"రాజేశం, నేను జెప్తున్న ఇను. దానికి పుట్టినప్పుడు తానం నేనే పోసిన. జరంల ఒళ్లు నేనే తుడిసిన. ఆఖరి తానం గూడ నేనే పోసిన. నా బిడ్డ ఒంటి మీద నాకు తెల్వని జాగ లేదు. పుండు లేదు, మచ్చ లేదు, సెగరోగం లేదు. అది జరంతోని పోయింది. ఆ పిలగాని మీద పాపమెయ్యకు. నా నోటితోని ఇంతకంటె చెప్పియ్యకు."

నేను గోడను పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు మాట నాకు నా రక్తం గురించి చెప్పింది. ఈ మాట ఆమె గురించి చెప్పింది. రెండూ కలిస్తేగాని నాకు ఊపిరి ఆడలేదు.

రాజేశం తల వంచుకుని పెరట్లోకి పోయాడు. అతను అరుగు దిగడం చూశాను. ఒక చేత్తో ధోవతి ముందుకు పట్టుకుని, కాళ్లు ఎడంగా వేస్తూ, మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి దిగాడు. ఆ నడక నాకు తెలుసు.

వెనకాలే పోయాను. బానల దగ్గర నిలబడి ఉన్నాడు.

"రాజేశం, ఎన్నాళ్ల సంది?"

"ఏంది ఎన్నాళ్ల సంది?"

"మంట."

కోపంగా నా వైపు తిరిగాడు. బాన అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఎండకాలం సంది బావా" అన్నాడు చివరికి. "నేను ఏడికీ పోలే. అవ్వతోడు. అక్క పోయినప్పుడు మైల దినాలల్ల నీ ధోతి కట్టుకున్న. నీకు వచ్చిందని విన్నంక, గా ధోతి తోనే నాకంటిందనుకున్న. నీ ఇంట్ల ఉంటె పోరికి గూడ అంటుతదని పంపలే. నా పెండ్లాంకు ఏం చెప్పాలెనో తెల్వక అరుగు మీద పండుకుంటున్న."

"చేతులు చూపు" అన్నాను.

అతని చేతులు నా చేతుల్లాగే ఉన్నాయి. పోకముందు కడుక్కుంటావా అని అడిగాను. కడుక్కోనన్నాడు. అతని భార్య కాన్పుకు పుట్టింటికి పోయి వచ్చిందని, చంటిపిల్లతో ఉందని, అప్పటి నుంచి నీళ్లకు పిలవడం లేదని చెప్పాడు.

"గంతేనా బావా?"

"గంతే."

"గంత దానికి నేను నిన్ను..." అని ఆగిపోయాడు. ముగించమని నేను అడగలేదు.

మర్నాడు ఇద్దరం కలిసి సిద్దిపేట వచ్చాం. దవాఖాన వరండాలో అతని పక్కన కూర్చున్నాను. లోపలికి పోయి తిరిగి వచ్చి, "నన్ను సూడకముందే చేతులు సూపుమన్నడు" అన్నాడు. అతనికి వాపు నాకంత ముదరలేదు. మైలుతుత్తం పూయలేదు కనుక త్వరగా తగ్గింది.

ఆ తర్వాత మా పనివాళ్లలో ఇంకొందరితో మాట్లాడాను. అడిగితే ఎవరూ చెప్పరు. ముందు నాకు వచ్చిందని చెబితే చెబుతారు. అద్దకం, సున్నం, ఎరువులు, మిరపకాయలు, ఏ ఘాటైన వస్తువుతో పనిచేసేవాళ్లయినా మూత్రానికి పోకముందు చేతులు కడుక్కోవాలి. ఎర్రబడితే ఒట్టి నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. చర్మం వెనక్కి జరగకపోయినా, చీము వచ్చినా, మళ్లీ మళ్లీ వచ్చినా దవాఖానకు పోవాలి. మూత్రం ఆగితే ఆ పూటే పోవాలి. నిజంగా చెడు రోగమే అనుకున్నవాళ్లు మరీ ముందుగా పోవాలి. పోతే తెలుస్తుంది. పోకపోతే ఊహ ఒక్కటే మిగులుతుంది. ఆ ఊహతో నేను ఒక ఎండాకాలమంతా బతికాను.

భాద్రపదం

పెత్రమాస, అంటే పితృ అమావాస్య, నాడు చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తాం. సత్తెమ్మ పేరు మీద ఇవ్వడం అదే మొదటిసారి. పొద్దున్నే రాజేశం వచ్చాడు, అండాలును భుజం మీద ఎక్కించుకుని. గడప దాటి లోపలికి వచ్చి ఆమెను నేల మీద దించాడు.

"ఇగో బావా, నీ బిడ్డ" అన్నాడు. అవ్వ ఇచ్చిన చెంబు అందుకుని నీళ్లు తాగాడు. క్షమించమని అనలేదు. అంటే నేను ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

అండాలు ఇల్లంతా తిరిగింది. వంటింట్లోకి పోయింది, పెరట్లోకి పోయింది, సత్తెమ్మ కండెలు చుట్టిన రాట్నం దగ్గర కాసేపు నిలబడింది. తిరిగి వచ్చి నా ముందు ఆగి తల్లి కోసం అడిగింది.

"అవ్వేది?"

మా అవ్వ తొందరగా, "ఊరికి పోయింది బిడ్డా, వస్తది" అనబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తెలియని మాటలే తిరిగాయి. ఇంకొకటి వద్దనిపించింది.

"అవ్వ సచ్చిపోయింది బిడ్డా. ఇగ రాదు."

నా ముఖం చూసింది. ఏడవలేదు.

"ఎందుకు సచ్చిపోయింది?"

"జరమొచ్చింది" అన్నాను.

ఎక్కడా తడబడకుండా ఆ మాట వచ్చింది. అది నిజమని నాకు తెలుసు. అండాలును ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. సత్తెమ్మ పోయిన తర్వాత మొదటిసారి ఆమె కోసం ఏడ్చాను.